“మావల్ల కాదు” అన్న రైతుతో ఏం మాట్లాడాలి, ఏం చేయాలి

కొత్త విత్తనం గురించో, బిందు సేద్యం గురించో, పంట బీమా గురించో చెప్పడానికి చిన్న రైతు దగ్గరికి వెళ్లిన వాళ్లకు తరచూ వినపడే మాట ఒకటుంది: “మాలాంటోళ్ల వల్ల అయ్యే పని కాదమ్మా.” అది విన్నాక చాలామంది రెండింట్లో ఒకటి చేస్తారు. రైతుకు అర్థం కాలేదనుకుని చెప్పిందే ఇంకాస్త గట్టిగా చెబుతారు. లేదంటే ధైర్యం చాలలేదనుకుని ఉత్సాహపరిచే ఉపన్యాసం అందుకుంటారు. రైతు తలూపుతాడు. మనం వచ్చేశాక పాత పద్ధతిలోనే విత్తుకుంటాడు.

నేను చిన్న రైతుల సంఘాలతో పనిచేస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ కూడా ఇస్తాను. వాళ్లకు మొదటి రోజే చెప్పేది ఇది: తన మీద తనకున్న నమ్మకం రైతు పెట్టుబడిని, అప్పును, పొదుపును, చివరికి పిల్లల చదువును కూడా నడిపిస్తుంది. ఆ నమ్మకం పెరగాలంటే రైతు తన చేత్తో ఒక పని చేసి, దాని ఫలితం తన కళ్లతో చూడాలి. ఇక మనం చేయగలిగిందల్లా ఆ అవకాశాన్ని జాగ్రత్తగా అమర్చడం. ఎలా అమర్చాలో ఇక్కడ రాస్తున్నాను. పొలాల వెంట తిరిగే సిబ్బందికి, సంఘాల నాయకులకు, ఇంట్లో సేద్యం చేసే పెద్దవాళ్లకు ఏదైనా కొత్త విషయం చెప్పాలని తాపత్రయపడే పిల్లలకు ఇది పనికొస్తుంది.

ముందు అది ఏ “కాదో” తేల్చుకోండి

“కాదు” వెనక కనీసం మూడు కారణాలుంటాయి. చేతిలో డబ్బు లేకపోవడం ఒకటి. డబ్బున్నా, పంట పోతే మళ్లీ లేవలేమన్న భయం ఇంకొకటి. ఆ రెండూ లేకపోయినా “ఇది నాకు చేతకాదు” అనుకోవడం మూడోది. పైకి మూడూ ఒకేలా వినపడతాయి. చేయాల్సింది మాత్రం దేనికదే వేరు.

నేను మూడు ప్రశ్నలు వరసగా వేస్తాను. వరస తప్పకండి.

మొదటిది: “డబ్బు సంగతి పక్కన పెడదాం అన్నా. విత్తనం, ఎరువు ఊరికే చేతికొచ్చాయనుకోండి, వేస్తారా?” వేస్తానంటే అడ్డం డబ్బే. అక్కడితో ఆగి పెట్టుబడి ఎలా దొరుకుతుందో మాట్లాడండి. నమ్మకం గురించి ఒక్క ముక్క కూడా ఎత్తక్కర్లేదు.

రెండోది: “పంట పోతే ఆ నష్టం ఇంకొకరు భరిస్తారనుకోండి, అప్పుడో?” ఇక్కడ మాట మారితే అడ్డం నష్టభయం. దాన్ని పిరికితనం అనుకోకండి, అది సరైన లెక్క. ఆర్థికవేత్తలు డీన్ కార్లాన్, క్రిస్ ఉడ్రీ, వాళ్ల సహచరులు ఉత్తర ఘనాలో కొందరు రైతులకు నగదు, కొందరికి వర్షపాత బీమా, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. బీమా ఉన్న రైతులు పెట్టుబడి పెంచారు, దానికి కావాల్సిన డబ్బు తామే ఎలాగోలా సమకూర్చుకున్నారు. అప్పటిదాకా వాళ్లను ఎక్కువగా ఆపింది నష్టమంతా తామొక్కరే మోయాల్సి రావడం. అలాంటి రైతు దగ్గర కూర్చుని “నిన్ను నువ్వు నమ్ముకో” అనడం అన్యాయం. ఆయనకు కావాల్సింది బీమా, లేదా నష్టాన్ని పంచుకునే ఏర్పాటు.

మూడోది: “ఇదే పని పక్క పొలం ఆయన చేస్తే ఆయనకు పండుతుందా?” “ఎవరికీ పండదు” అన్నారంటే అనుమానం పద్ధతి మీద. అప్పుడు మనం వినాలి. ఆ నేల గురించి, ఆ నీళ్ల గురించి మనకు తెలియనిది ఆ రైతుకు తెలిసి ఉండటం మామూలే. “ఆయనకైతే పండుద్ది, నాకు పండదు” అన్నారంటే, ఈ వ్యాసం ఆ రైతు గురించే. ఒక పని చేస్తే ఫలితం వస్తుందనుకోవడం, ఆ పని నేను చేయగలననుకోవడం వేర్వేరని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే విడదీసి చెప్పాడు. పొలం దగ్గర ఈ రెండింటినీ కలిపేస్తే ఏడాది శ్రమ వృథా అవుతుంది. మొదటిదాన్ని గణాంకాలతో, ప్రదర్శనలతో మార్చవచ్చు. రెండోదానికి అవి అంటవు. “నిజమే, బాగుంది, మీరు చెప్పింది నిజమే” అంటూనే రైతు వెనక్కి జరుగుతాడు.

ఈ మూడో రకం గురించి కాస్త ఆగి చెప్పాలి. తన మీద నమ్మకం లేని రైతు కొత్త పనిని పూర్తిగా మానేస్తాడని అనుకుంటాం. ఎక్కువగా జరిగేది వేరు: సగం చేస్తాడు. మేలురకం విత్తనం కొంటాడు, “ఎటూ వచ్చేది కాదు, ఇంకా డబ్బెందుకు తగలెయ్యడం” అని ఎరువు తగ్గిస్తాడు. కలుపు ఒకసారి తీయించి రెండోసారి వదిలేస్తాడు. బిందు సేద్యం పైపులు వేయించుకుంటాడు, ఫిల్టరు విప్పి కడగడం తనకు తెలిసిన పని కాదని దాని జోలికే పోడు, నాలుగు నెలలకు చుక్కలు పడే రంధ్రాలు పూడుకుపోతాయి. దిగుబడి అంతంతమాత్రంగా వస్తుంది. “చెప్పానా, మనకు అచ్చిరాదని!” ఇప్పుడు ఆ మాటకు సాక్ష్యం కూడా దొరికింది. వచ్చే పంటకు పెట్టుబడి ఇంకాస్త తగ్గుతుంది, దిగుబడీ తగ్గుతుంది, నమ్మకం మరింత సన్నగిల్లుతుంది. చేతిలో నాలుగు డబ్బులున్న రైతుకు చెడ్డ ఏడు వస్తే అది ఆ ఏడుతో పోతుంది. పేద రైతుకు మళ్లీ ప్రయత్నించి చూసే వెసులుబాటు ఉండదు కాబట్టి ఆ ఒక్క ఏడే “నేనింతే” అన్న తీర్పుగా మిగిలిపోతుంది.

అందుకే రైతు చేసిన పనిలో ఏది సగంలో ఆగిందో చూడండి. తన మీద నమ్మకం ఎక్కడ తెగిందో మాటల్లో కన్నా అక్కడ బాగా తెలుస్తుంది.

పది గింజలు

“మీకు ఆత్మవిశ్వాసం ఉందా?” అని అడిగి లాభం లేదు. ఉందనే అంటారు, మర్యాద కోసమైనా. నమ్మకం మనిషి మొత్తానికి సంబంధించిన గుణంలా ఉండదు, పనికో తీరుగా ఉంటుంది. ఎద్దుల్ని లొంగదీయడంలో తిరుగులేని మనిషి దరఖాస్తు కాగితం చూస్తే చెమటలు పట్టించుకుంటాడు. నమ్మకాన్ని కొలిచేవాళ్లు పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకూ సున్నా నుంచి నూరు దాకా ఎంత ధీమాగా ఉన్నారో అడగాలని బండూరా సూచించాడు. చదువు రాని రైతుకు సున్నా నుంచి నూరు అంటే పట్టుబడదు. పది గింజలతో అదే పని అవుతుంది.

ఇలా చేయండి. ఎండిన మొక్కజొన్న గింజలో, చిక్కుడు గింజలో పది తీసి రైతు చేతిలో పోయండి. ఎదురుగా ఒక పళ్లెం పెట్టండి. “పదికి పది పెడితే కళ్లు మూసుకుని చేసేస్తానని. ఒక్కటీ పెట్టకపోతే అసలు చేతకాదని.” ముందు బాగా తెలిసిన పనితో మొదలుపెట్టండి, ఆట అర్థమవుతుంది. తర్వాత కొత్త పనిని ముక్కలుగా అడగండి: విత్తనశుద్ధి, వరసల మధ్య దూరం, మందు మోతాదు కలపడం, ఏ రోజు వేయాలో గుర్తుపెట్టుకోవడం, అప్పు అడగడం, కొనేవాడితో ధర మాట్లాడటం. ఒక్కో ముక్కకూ పెట్టిన గింజలు రాసుకోండి. మధ్యలో “అంతేనా?” అనకండి, మొహంలో కూడా కనపడనివ్వకండి. మీరు ఎక్కువ ఆశిస్తున్నారని పసిగడితే రెండు గింజలు ఎక్కువ పెడతారు.

ఒక అక్కతో ఇది చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. మేం ఆమెకు మొక్కజొన్న సాగులో శిక్షణ ఇవ్వాలని వెళ్లాం. విత్తడానికి తొమ్మిది గింజలు పెట్టింది. పురుగును గుర్తుపట్టడానికి ఎనిమిది. ఎరువు వేయడానికి తొమ్మిది. బ్యాంకుకెళ్లి అప్పు గురించి మాట్లాడటం అన్నాను. ఒక గింజ పెట్టింది. కాసేపు దాన్ని చూసి, ఆ ఒక్కటీ కూడా వెనక్కి తీసుకుంది. “అక్కడికి మా ఆయన కూడా వెళ్లడమ్మా” అంది.

సాగు శిక్షణ ఆమెకు అక్కర్లేదు. ఆమె పెట్టుబడిని ఆపుతున్నది ఆ బల్ల ముందు నిలబడి అడగాల్సిన నాలుగు మాటలు. మేం ఆ మాటల్నే సాధన చేశాం. నేను బ్యాంకు ఉద్యోగిలా కూర్చున్నాను, ఆమె మూడు ప్రశ్నలు అడగాలి: వడ్డీ ఎంత, ఎప్పుడు కట్టాలి, పంట పోతే ఏం చేస్తారు. మొదటిసారి నేల చూస్తూ అడిగింది. రెండోసారి వరస తనే మార్చింది. “పంట పోతే సంగతి ముందడగాలి, అది తెలియకుండా వడ్డీ తెలిసి ఏం లాభం?” అంది. ఆ మార్పు నాకు ఎంతో నచ్చింది, నాకు తోచని ఆలోచన అది. బ్యాంకులో ఆమే మాట్లాడింది, నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. అప్పు ఆ రోజు రాలేదు, ఇంకో కాగితం తెమ్మన్నారు. బయటకు వచ్చాక గింజలు ఇచ్చి మళ్లీ అడిగాను. నాలుగు పెట్టింది.

అప్పు దొరకకపోయినా గింజలు పెరగడం ఎలా అని కొత్తవాళ్లు అడుగుతారు. ఆమెకు భయం వేసింది మాట్లాడటానికి. మాట్లాడింది. కాగితం తేవడం అనేది ఇక మామూలు పనే.

పది వరసలు

నమ్మకం పుట్టే దారుల్లో అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేసి గెలవడం అని బండూరా అన్నాడు. వ్యవసాయంలో దీని అర్థం చిన్న ప్రయోగం. పొలంబడులు ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో ఇవి మొదలయ్యాయి. రైతులు వారం వారం పొలంలోకి దిగి, మేలు చేసే పురుగులేవో కీడు చేసేవేవో తామే లెక్కపెట్టి, మందు కొట్టాలా వద్దా తామే తేల్చుకునేవారు. నిర్ణయం రైతు చేతికి రావడమే అందులో అసలు సంగతి.

మీరు పెట్టించే ప్రయోగానికి పెద్ద ఏర్పాట్లేమీ వద్దు. పొలంలో పక్కపక్కనే పది వరసలు కొత్త పద్ధతిలో, పది పాత పద్ధతిలో. కొలతకు తాడు, గుర్తుకు నాలుగు కర్రలు. కానీ కొన్ని విషయాల్లో పట్టుదలగా ఉండండి.

పోయినా ఇంటి తిండికి లోటు రానంత చిన్నదిగా ఉండాలి, గట్టు మీద నిలబడితే తేడా కనపడేంత పెద్దదిగా ఉండాలి. చాలామంది రైతులు ప్రయోగానికి చవిటి మూలో, నీళ్లందని చివరో చూపిస్తారు, మంచి నేల పాడుచేసుకోవడం ఎందుకని. ఒప్పుకోకండి. అక్కడ పంట పోతే “నాకు రాదు” అన్న మాట ఇంకా బలపడుతుంది. రెండు రకాల వరసలూ ఒకే నేలలో, ఒకే రోజు విత్తాలి.

ప్రతి పనీ రైతు చెయ్యే చేయాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. దూరం తప్పు వేస్తున్నప్పుడు మీ చెయ్యి దానంతటదే తాడు అందుకుంటుంది. అందుకోకండి. “ఇక్కడ ఎంతొచ్చింది?” అని అడగండి. కొలిచి తనే సరిచేసుకుంటాడు. మీరు వేసిన వరస బాగా పండితే అది మీ గొప్ప అవుతుంది, రైతుకు మిగిలేది “మేడం ఉంది కాబట్టి వచ్చింది” అన్న మాట.

విత్తే ముందే ఇంకొకటి రాసుకోవాలి: ఏమేం తప్పు జరగొచ్చు, వాటిలో ఏది రైతు చేతిలో ఉంది, ఏది లేదు. “మొలకెత్తాక పదిహేను రోజులు చినుకు పడకపోతే ఈ వరసలు పోతాయి. అది మీ చేతిలో లేదు. కలుపు మూడు వారాల్లోపు తీయడం మీ చేతిలో ఉంది.” ఈ మాట ముందు అనుకోకపోతే, పంట పోయిన రోజు రైతు మొత్తం తన మీద వేసుకుంటాడు. పోయాక ఎన్ని ఓదార్పులు చెప్పినా అది సాకులాగే వినపడుతుంది. ముందు రోజు ఇద్దరూ కలిసి రాసుకున్న కాగితానికి బరువుంటుంది.

కోత రోజు మీరు అక్కడ ఉండి తీరాలి. రెండు రకాల వరసలూ వేర్వేరుగా కోయించి, రైతు ముందే, రైతు చేతే తూకం వేయించండి. ఫలితం పొలంలో కనపడుతూనే ఉంది కదా, మళ్లీ చెప్పడం ఎందుకు అనుకోవద్దు. కళ్లెదుట ఉన్నది కూడా మనం వెతకకపోతే కనపడదు. ఇండోనేషియాలో సముద్రపు నాచు పెంచే రైతుల మీద రెమా హన్నా, సెంధిల్ ములైనాథన్, జాషువా ష్వార్ట్స్‌స్టైన్ చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్న ఆ రైతులు నాటే నాచు ముక్క ఎంత బరువుండాలన్నది పట్టించుకునేవారే కాదు. వాళ్ల నాచుతోనే ప్రయోగం చేశాక కూడా, కేవలం అందులో పాలుపంచుకున్నందువల్ల వాళ్ల పద్ధతి మారలేదు. బరువుకూ దిగుబడికీ ఉన్న సంబంధాన్ని వాళ్ల సొంత అంకెలతోనే కాగితం మీద విడమరిచి చూపించాక మారింది.

తూకం అయ్యాక ఒక ప్రశ్న వేయండి: “ఈ తేడా ఏం చేయడం వల్ల వచ్చింది?” “కాలం కలిసొచ్చింది” అంటారు. వాదించకండి. “అవును, వాన బాగా పడింది. అదే వాన ఈ పది వరసల మీదా పడింది, ఆ పది వరసల మీదా పడింది. మరి ఇక్కడ ఎక్కువెందుకు?” అని వదిలేయండి. కాసేపు మౌనంగా ఉండనివ్వండి. “దూరం పెట్టాను కదా... మందు రెండుసార్లుగా వేశాను” అని తన నోటితో తనే అంటే, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి, చదివి వినిపించండి. మొత్తం పనిలో నాకు అత్యంత విలువైనది ఈ పది నిమిషాలు.

ఎవరిని చూపించాలి

ఆదర్శ రైతును చూపించడం మనకు అలవాటు. పెద్ద పొలం, బోరు, ట్రాక్టరు, గోడ మీద ప్రశంసాపత్రం. చిన్న రైతు అన్నీ చూసి, “ఆయనకేం” అనుకుంటూ ఇంటికొస్తాడు.

ఏరియల్ బెన్‌యిషాయ్, ముష్ఫిక్ మొబారక్ అనే పరిశోధకులు ఆఫ్రికాలోని మలావీ దేశంలో దీన్ని పరీక్షించి చూశారు. గుంతల్లో నాటే పద్ధతిని, కంపోస్టు తయారీని కొన్ని గ్రామాల్లో పేరున్న రైతు ద్వారా, కొన్నింటిలో మామూలు రైతుల ద్వారా చెప్పించారు. చెప్పినందుకు చిన్న ప్రతిఫలం ఇచ్చినచోట మామూలు రైతులే ఎక్కువమందిని ఒప్పించగలిగారు. వినేవాళ్ల పరిస్థితికి దగ్గరగా ఉన్నవాళ్ల మాటే వాళ్లకు ఎక్కింది. ప్రతిఫలం లేనిచోట ఆ మామూలు రైతులు పెద్దగా కష్టపడలేదు. ఇందులో రెండు పాఠాలున్నాయి, రెండోదాన్ని అందరూ వదిలేస్తారు: పేద రైతు తన పని మానుకుని ఇంకొకరికి నేర్పిస్తుంటే, ఆ రోజు కూలీ ఇవ్వాలి. సేవాభావం మనం జీతం తీసుకుంటూ ఇంకొకరికి చెప్పే మాట కాకూడదు.

ఎంచుకునేటప్పుడు ఇవి చూడండి: అంతే భూమి, అదే నీటి వసతి, వీలైతే అదే కౌలు, అలాంటి అప్పులే. ఆడవాళ్లకు ఆడ రైతును చూపించండి. ఆ రైతును గెలుపు గురించి చెప్పమనకండి, మొదటిసారి ఎక్కడ తడబడ్డారో, ఎలా బయటపడ్డారో చెప్పమనండి. వినేవాళ్లు ముందుకు వంగేది ఆ భాగం దగ్గరే.

మనిషిని తీసుకెళ్లలేకపోతే వీడియో పనికొస్తుంది. ఇథియోపియాలోని డోబా ప్రాంతంలో 2010లో టాంగీ బెర్నార్డ్, స్టెఫాన్ డెర్కాన్, కేట్ ఓర్కిన్, అలెమాయెహు తఫెస్సె 64 గ్రామాల్లో కొందరికి గంటపాటు చిన్న డాక్యుమెంటరీలు చూపించారు. వాటిలో ఉన్నది అలాంటి పల్లెల్లోనే పుట్టి, సొంత కష్టంతో పైకొచ్చినవాళ్ల కథలు. పోల్చి చూడటానికి ఇంకొందరికి వినోద కార్యక్రమం చూపించారు. ఆరు నెలల తర్వాత, డాక్యుమెంటరీలు చూసినవాళ్ల ఆశలు కాస్త పెరిగాయి, పిల్లల చదువు మీద పెట్టేదీ పెరిగింది. ఐదేళ్ల తర్వాత చూసినా పంట పెట్టుబడిలో, పశువుల్లో తేడా నిలిచే ఉంది. ఒక్క గంట అంత చేస్తుందా అని నాకూ ఆశ్చర్యమే, కానీ అక్కడివాళ్ల మాటల్లో, అక్కడివాళ్ల ముఖాలతో తీసినది కావడం అందులో కీలకం. మన దేశంలో 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్ అనే సంస్థ కూడా రైతుల చేత రైతులకే వీడియోలు తీయించే దారిలో వెళ్లింది. ఫోన్ చేతిలో ఉన్న మీరు కూడా ఆ పని చేయవచ్చు. కోత రోజు తూకం వేసిన రైతును, అనుమతి అడిగి, ఐదు నిమిషాలు మాట్లాడించండి. సంగీతం కలపకండి, సర్దకండి.

ఏ రోజుల్లో మాట్లాడాలి

పంట చేతికొచ్చిన కొద్దిరోజులకు. ఇంతకన్నా మంచి సమయం లేదు.

తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు, కోత తర్వాత పరీక్షించిన అధ్యయనం 2013లో వచ్చింది. ఆనంది మణి, సెంధిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేశారు. చేతిలో డబ్బాడని కోతకు ముందు రోజుల్లో అదే రైతు ఆలోచన పరీక్షల్లో వెనకబడ్డాడు, డబ్బు చేతికొచ్చాక మెరుగయ్యాడు. మనిషి ఒకరే, తెలివీ ఒకటే. అప్పుల ఆలోచన ఆ తెలివిలో కొంత తినేస్తుంది. అలాంటి నెలలో వెళ్లి “మీరు చేయగలరా?” అని అడిగితే వచ్చే జవాబు ఆ నెలది, ఆ మనిషిది కాదు.

పశ్చిమ కెన్యాలో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ చూసింది ఇంకా సూటిగా ఉంటుంది. ఎరువు కొనాలని రైతులకు ఉంటుంది, వేసే నాటికి డబ్బు ఖర్చైపోతుంది. కోత అయిన వెంటనే వచ్చి, ఇప్పుడే కొంటే ఉచితంగా ఇంటికి చేరుస్తామంటే కొనేవాళ్లు బాగా పెరిగారు. తర్వాత సగం ధర తగ్గించి ఇచ్చినదానికి దాదాపు సమానంగా ఈ చిన్న సాయం పనిచేసింది. కొనలేకపోయిన రైతు దాన్ని తన అసమర్థతగా లెక్కేసుకుంటాడు కాబట్టి, కొనగలిగిన సమయంలో కొనేలా చూడటం నమ్మకానికి కూడా మేలు.

మీ నోటి మాట

మాటలతో నమ్మకం పెద్దగా పెరగదు. కానీ మాటలతో చాలా సులువుగా తగ్గుతుంది. “మీలాంటి పేదవాళ్ల కోసమే ఈ పథకం” అని మొదలుపెట్టే అలవాటు వదిలేయండి. కెన్యాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అదే మొత్తం డబ్బు ఇస్తూ వేర్వేరు మాటలు చెప్పి చూశారు. పేదరికం తగ్గించడానికి ఇస్తున్నామని విన్నవాళ్లకన్నా, మీ లక్ష్యాల కోసం, మీ వాళ్ల బాగు కోసం వాడుకోండని విన్నవాళ్లు వ్యాపార నైపుణ్యాల వీడియోలు ఎక్కువగా ఎంచుకున్నారు, తమ మీద నమ్మకమూ ఎక్కువగా చూపారు. ఈ ఫలితం 2020లో వచ్చింది. రైతుల మీద చేసింది కాకపోయినా, నాకు పొలాల దగ్గర ఎదురయ్యేదీ ఇదే.

“మీరు గ్రేట్” లాంటి పొగడ్తలు కూడా తగ్గించండి. “మూడో వరసలో దూరం మీరే పట్టుకున్నారు” అనండి. చూసి చెప్పిన మాటను రైతు నమ్ముతాడు.

నమ్మకం హద్దు దాటితే

మొదటి గెలుపు తర్వాత కొందరు ఒక్కసారిగా మొత్తం పొలానికి అదే పద్ధతి, దానికోసం అప్పు అంటారు. అప్పుడు మీరు అడ్డుపడాలి. పది వరసలు బాగా పండించడానికి, పొలమంతా పండించడానికి మధ్య కూలీలు, నీళ్లు, అమ్మకం అన్నీ మారతాయి. ఆశ మరీ దగ్గరగా ఉన్నా, అందనంత దూరంగా ఉన్నా మనిషిని కదిలించదని ఆర్థికవేత్త దేబ్‌రాజ్ రే 2006లో వాదించారు. పంటకో మెట్టు చొప్పున పెట్టుకోండి: ఈసారి పది వరసలు, వచ్చేసారి పొలంలో నాలుగో వంతు, ఆ తర్వాత ఆలోచిద్దాం. ప్రతి మెట్టు ముందూ పది గింజలు మళ్లీ తీయండి. పదికి పది పెట్టిన రైతును “ఏం జరిగితే ఇందులోంచి రెండు తీసేస్తారు?” అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ మెట్టు ఇంకో పంట ఆగాలి.

బొత్తిగా ఏమీ లేని కుటుంబానికి గింజలు, వరసలు చాలవు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిలో పశువుల్లాంటి ఆస్తి, కొన్నాళ్లు తిండికి సాయం, శిక్షణ, పొదుపు, తరచూ ఇంటికొచ్చి పలకరించే మనిషి, అన్నీ కలిపి ఇచ్చారు. అదే నమూనాను ఆరు దేశాల్లో పరీక్షించిన ఫలితాలు 2015లో వచ్చాయి, సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా మేలు నిలిచింది. కడుపు నిండని ఇంట్లో నమ్మకం గురించి మాట్లాడేముందు తిండి ఏర్పాటు చూడండి. అది మీ సంస్థ చేయలేకపోతే, చేయగలిగినవాళ్ల దగ్గరికి ఆ కుటుంబాన్ని చేర్చడమే మీ పని.

ఎప్పుడు తప్పుకోవాలో కూడా చూసుకోవాలి. రెండో పంటకు మీరు వెళ్లేసరికి రైతు మీరు చెప్పిన పద్ధతిని తనకు తగ్గట్టు మార్చి ఉంటే, వరసలు దగ్గర చేసో, మందు మరో రోజుకు జరిపో, వెంటనే సరిదిద్దకండి. ఎందుకు మార్చారో అడిగి రాసుకోండి. తూకం రోజు ఆ మార్పు తప్పని తేలితే తేలనివ్వండి, రైతే చూసుకుంటాడు. సరైనదని తేలితే, తర్వాత మీరు వెళ్లే పొలానికి రమ్మని ఆ రైతును అడగండి. వస్తానంటే ఆ రోజు కూలీ ముందే చేతిలో పెట్టి, మొదటి ప్రశ్న ఆ రైతునే అడగనివ్వండి.